కారు వణికేది ఎప్పుడు? సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ తప్పు పట్టుకునే తీరు

క్లుప్తంగా

ఆటోమేటిక్ కారులో వచ్చే వణుకు ఒకే జబ్బు కాదు. గేర్‌బాక్స్ రకాన్ని బట్టి కారణం, రిపేరు, ఖర్చు అన్నీ మారిపోతాయి. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు వణికితే ఒక అర్థం. 60-80 కి.మీ. వేగంలో నిలకడగా వెళ్తుండగా వణికితే ఇంకో అర్థం. ఎత్తు ఎక్కేటప్పుడే వణికితే అసలు గేర్‌బాక్స్‌కు సంబంధమే ఉండకపోవచ్చు. పాత కారు కొనేవారికి మరో చిక్కు కూడా ఉంది: ఈ వణుకును టెస్ట్ డ్రైవ్ వరకు కనబడకుండా చేయడం అంత కష్టమేమీ కాదు.

ఒకే వణుకు, మూడు జవాబులు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏడెనిమిదేళ్ల పాత ఆటోమేటిక్ కారు ఒకటి 70 కి.మీ. వేగంతో వెళ్తోందనుకుందాం. రేసు మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంది. ఉన్నట్టుండి, రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీదికి టైర్లు ఎక్కినట్టు బండి అడుగు నుంచి దడదడ మొదలవుతుంది. ఆర్‌పీఎం ముల్లు సన్నగా ఊగుతుంది. మూడు నాలుగు సెకన్లలో, లేదా రేసు కాస్త గట్టిగా నొక్కగానే, అంతా సర్దుకుంటుంది.

అమ్మే మనిషి ‘రోడ్డు బాలేదు సార్’ అంటాడు. వెంట తీసుకెళ్లిన మెకానిక్ ‘గేర్‌బాక్స్ పోయింది, వదిలేయండి’ అంటాడు. ఫోన్లో అడిగిన మిత్రుడు ‘ఆయిల్ మార్పిస్తే చాలు, ఏం కాదు’ అంటాడు. ముగ్గురూ అబద్ధం చెబుతున్నారని కాదు. ఎవరికి వారు తాము చూసిన బండిని బట్టి మాట్లాడుతున్నారు. ఒక బండికి సరిపోయిన జవాబు పక్క బండికి సరిపోదు.

ముందు ఏ గేర్‌బాక్సో తేలాలి

క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ మన దగ్గర ‘ఆటోమేటిక్’ అనే పిలుస్తారు. లోపల మాత్రం నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. మొదటిది టార్క్ కన్వర్టర్‌తో పనిచేసే పాతకాలపు అసలు ఆటోమేటిక్. రెండోది స్టీలు బెల్టు, రెండు పుల్లీలతో నడిచే సీవీటీ. మూడోది రెండు క్లచ్‌లుండే డీసీటీ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా దీన్నే డీఎస్‌జీ అంటాయి. నాలుగోది ఏఎంటీ. ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యాక్చువేటర్ అనే కంప్యూటర్ నడిపే పరికరం చేస్తుంది. 2014లో మారుతీ సెలెరియోతో వచ్చి చిన్న కార్లలో పాతుకుపోయింది ఇదే.

కారు పేరు తెలిస్తే గేర్‌బాక్స్ తెలిసినట్టేనని అనుకోకూడదు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ మొదట వచ్చిన 2013 నాటి పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్నది డ్రై క్లచ్ డీసీటీ, అంటే క్లచ్‌లు ఆయిల్‌లో మునగకుండా పొడిగా ఉండే రకం. 2017 చివర్లో మారిన మోడల్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్. పోలో జీటీ టీఎస్ఐ కూడా అంతే: 1.2 లీటర్ ఇంజన్‌తో వచ్చినప్పుడు ఏడు గేర్ల డీఎస్‌జీ, తర్వాత 1.0 లీటర్ ఇంజన్‌తో వచ్చినప్పుడు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. బయట నుంచి చూస్తే ఒకే బండి, ఒకే బ్యాడ్జీ. కొన్నేళ్ల తేడాలో లోపలి గుండె వేరు. ఈ ఒక్కటి తేల్చుకోకుండా వణుకు గురించి అడిగే సలహా ఏదైనా చీకట్లో రాయి వేసినట్టే.

వేగంలో వచ్చే దడదడ: లాకప్ క్లచ్ కథ

టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ వైపు ఒక ఫ్యాను, గేర్‌బాక్స్ వైపు ఒక ఫ్యాను ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఆయిల్. మొదటిది ఆయిల్‌ను చిమ్మితే ఆ తోపుడుకు రెండోది తిరుగుతుంది. ఇందులో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి, బండి వేగం అందుకున్నాక రెండింటినీ కలిపి పట్టేయడానికి లోపల ఒక క్లచ్ పెట్టారు. దాన్నే లాకప్ క్లచ్ అంటారు. మైలేజీ కోసం కొత్త కార్లలో ఈ క్లచ్‌ను తక్కువ వేగంలోనే, అదీ పూర్తిగా పట్టకుండా, కొన్ని పదుల ఆర్‌పీఎం తేడాతో జారేలా నడుపుతారు. వణుకు పుట్టేది సరిగ్గా ఈ జారుడులోనే.

ప్లాస్టిక్ కుర్చీని గచ్చు మీద ఈడ్చినప్పుడు ఒక్కోసారి అది నున్నగా జారదు. పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. దానికే దడదడమంటుంది. లాకప్ క్లచ్‌లోనూ జరిగేది ఇదే. రెండు తలాలూ జారుతూ జారుతూ మెత్తగా కలవాలంటే, ఆయిల్‌లో అందుకని కలిపిన రసాయనాలు పనిచేస్తూ ఉండాలి. వేడికి, వయసుకు అవి అరిగిపోతాయి. అప్పుడు జారుడు తగ్గేకొద్దీ పట్టు ఒక్కసారిగా పెరిగిపోతుంది. క్లచ్ పట్టి వదిలి, పట్టి వదిలి బండిని వణికిస్తుంది. క్లచ్ ఉపరితలం ఇంకా బాగుండి ఆయిల్ మాత్రమే పాడైతే, ఆయిల్ మార్పుతో వణుకు నిజంగానే పోతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. జనరల్ మోటార్స్ 2015-2019 మధ్య తన పికప్‌లలో, కొన్ని కార్లలో పెట్టిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లపై ఇదే రకం వణుకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మొదట నింపిన ఆయిల్ తేమను పీల్చుకుంటుందని తేలింది. దాన్ని పూర్తిగా తీసేసి వేరే రకం ఆయిల్ నింపాలని కంపెనీ తన డీలర్లకు సూచించింది. గేర్‌బాక్స్ విప్పకుండానే చాలా బండ్లలో వణుకు తగ్గింది. అయితే అదే వణుకును ఏళ్ల తరబడి భరిస్తూ నడిపిన బండిలో క్లచ్ పూత కూడా కాలిపోయి ఉంటుంది. అక్కడ కొత్త ఆయిల్ కొన్నాళ్ల ఊరటే. చివరికి కన్వర్టర్ మార్చాల్సిందే.

దీన్ని రోడ్డు మీదే పరీక్షించే తేలిక మార్గం ఒకటుంది. వెనక బండ్లు లేని తిన్నని రోడ్డు మీద, వణుకు వస్తున్న వేగంలోనే రేసు మీద కాలు కదపకుండా ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను తాకీ తాకనట్టు, వెనక లైటు వెలిగేంత మాత్రమే నొక్కాలి. చాలా కార్లలో బ్రేక్ లైటు స్విచ్ పడగానే కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలోనే మాయమైతే దోషి దాదాపు దొరికినట్టే. బ్రేకు తాకినా వణుకు అలాగే ఉంటే వేరేచోట వెతకాలి.

కదిలేటప్పుడు వచ్చే వణుకు: డ్రై క్లచ్

సిగ్నల్ దగ్గర ఆగిన బండి బ్రేక్ వదలగానే ముందుకు పాకుతూ, 5 నుంచి 20 కి.మీ. వేగం మధ్య గజగజలాడితే అది లాకప్ కథ కాదు. అప్పటికి లాకప్ క్లచ్ ఇంకా రంగంలోకే రాదు. డ్రై క్లచ్ డీసీటీలోనూ ఏఎంటీలోనూ మామూలుగా కనిపించే లక్షణం ఇది. ఇక్కడ క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండవు. వాటిని చల్లబరిచేది చుట్టూ ఉన్న గాలే. అమీర్‌పేటలోనో విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో మే నెల మధ్యాహ్నం బండి గంటసేపు అంగుళం అంగుళం జరిగితే, ఆ గంటా క్లచ్ సగం పట్టి సగం వదిలి కాలుతూనే ఉంటుంది. కాలిన ప్లేటు నునుపు తేలి గాజులా మెరుస్తుంది. ఒకచోట పట్టి ఒకచోట పట్టదు.

డ్రై క్లచ్ వణుకు ఎంత దూరం వెళ్లగలదో చెప్పే కథ ఫోర్డ్ పవర్‌షిఫ్ట్‌ది. ఆరు గేర్ల ఈ డీసీటీని ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్‌లలో పెట్టారు. ఇన్‌పుట్ షాఫ్ట్ సీళ్ల నుంచి కారిన ఆయిల్ పొడిగా ఉండాల్సిన క్లచ్ మీద పడటం ఇందులో బయటపడ్డ కారణాల్లో ఒకటి. అమెరికాలో ఫోర్డ్ ఈ క్లచ్, సీళ్ల వారంటీని 7 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్లకు పొడిగించింది. ఆస్ట్రేలియాలో వ్యవహారం కోర్టుకెక్కింది. వణుకుతోందని వచ్చిన కస్టమర్లకు అది వాళ్లు నడిపే తీరు వల్లేనని చెప్పి పంపడం సహా, ఫిర్యాదులను నడిపిన పద్ధతి అన్యాయమని తేలడంతో 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. వినియోగదారుల కమిషన్ బయటపెట్టిన వివరాల్లో పాత కార్లు కొనేవారు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది: గొడవ పడి వెనక్కిచ్చిన కార్లను, వాటి చరిత్ర చెప్పకుండానే కంపెనీ మళ్లీ అమ్మింది.

డ్రై క్లచ్ బండికి ‘వణుకు పోవాలంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి’ అని ఎవరైనా బిల్లు రాస్తే అనుమానించాల్సిందే. ప్లేట్లకు ఆ ఆయిల్ తగలదు. ఈ అపోహకు ఒక కారణం ఉంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై డీఎస్‌జీ ఉన్న దాదాపు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచి సింథటిక్ ఆయిల్ బదులు మినరల్ ఆయిల్ నింపింది. అది విద్యుత్ లోపం వల్ల బండి శక్తి కోల్పోకుండా చేసిన పని. క్లచ్ వణుక్కు చేసిన వైద్యం కాదు. జనం నోట్లో మాత్రం రెండూ కలిసిపోయాయి.

ప్రతి వణుకూ ప్రమాదం కాదన్నదీ చెప్పుకోవాలి. రాత్రంతా వానలో నిలబెట్టిన బండి పొద్దున్నే రెండు మూడు సార్లు వణికి తర్వాత మామూలైతే, అది ప్లేటు మీద చేరిన తేమ కావచ్చు. బండి వేడెక్కేకొద్దీ వణుకు పెరుగుతుంటేనే అసలు టెన్షన్.

ఏఎంటీలోనూ ఇదే జరుగుతుంది. ఖర్చు దగ్గర మాత్రం తేడా ఉంది. లోపల ఉన్నది మాన్యువల్ కారు క్లచ్ లాంటిదే కాబట్టి ప్లేటు మార్చి, కంప్యూటర్‌కు కొత్త క్లచ్ పట్టు ఎక్కడుందో నేర్పిస్తే సాధారణంగా సరిపోతుంది. డీసీటీలో రెండు క్లచ్‌ల ప్యాక్ మొత్తం మార్చాలి. దానితో పాటు మెకట్రానిక్స్ యూనిట్ (క్లచ్‌లను, గేర్లను నడిపే కంప్యూటర్, వాల్వుల పెట్టె) కూడా పోతే బిల్లు లక్ష రూపాయలు దాటుతుంది. చవగ్గా దొరికిందని కొన్న పాత డీసీటీ కారు ధరలో అది చిన్న వాటా కాదు.

సీవీటీ వణుకు

సీవీటీలో గేర్లు లేవు కాబట్టి గేరు మారిన కుదుపు ఉండకూడదు. నిలకడగా రేసు ఇస్తున్నప్పుడు తాడు తెగుతూ అతుకుతూ లాగుతున్నట్టు అనిపిస్తే, బెల్టు పుల్లీ మీద జారుతోందని అనుమానించాలి. ఇది లాకప్ వణుకు కన్నా ప్రమాదకరం. జారిన ప్రతిసారీ ఉక్కు ఉక్కును గీసి, ఆ రజను ఆయిల్‌లో కలిపి గేర్‌బాక్స్ అంతా తిప్పుతుంది. అయితే నేటి సీవీటీల్లో చాలావాటికి టార్క్ కన్వర్టర్ కూడా ఉంటుంది కాబట్టి, అక్కడ వణుకు లాకప్ క్లచ్‌దీ కావచ్చు. పాత హోండా సిటీ జెడ్‌ఎక్స్ సీవీటీలో కన్వర్టర్ లేదు. ఆయిల్‌లో మునిగిన స్టార్ట్ క్లచ్ ఉండేది, అందుకే ఆ బండ్లలో వణుకు కదిలేటప్పుడే వస్తుంది. నిస్సాన్ అయితే సీవీటీ వణుకు కోసం పీ17ఎఫ్0, పీ17ఎఫ్1 అని ప్రత్యేకంగా ఫాల్ట్ కోడ్‌లే పెట్టింది.

గేర్‌బాక్స్ మీద పడే నిందలు

బాగున్న గేర్‌బాక్స్‌ను విప్పించేసే పెద్ద దొంగ ఇంజన్ మిస్‌ఫైర్. పాతబడ్డ స్పార్క్ ప్లగ్గో, నీరసించిన ఇగ్నిషన్ కాయిలో ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు పడ్డప్పుడు ఒక సిలిండర్‌ను మండనివ్వదు. బండి వణుకుతుంది. లోపల కూర్చున్న మనిషికి లాకప్ వణుకుకీ దీనికీ తేడా తెలియదు. తేడా రేసు దగ్గర తెలుస్తుంది. లాకప్ వణుకు తేలిక కాలు దగ్గర వచ్చి గట్టిగా నొక్కితే పోతుంది, ఎందుకంటే గట్టిగా నొక్కగానే క్లచ్ విడిపోతుంది. మిస్‌ఫైర్ వణుకు నొక్కేకొద్దీ పెరుగుతుంది. సింహాచలం కొండ రోడ్డు లాంటి ఎత్తు మీద, ఒకే గేరులో ఉంచి రేసు నెమ్మదిగా పెంచితే ఇది తేలిపోతుంది. కొన్ని వేల రూపాయల ప్లగ్గులు, కాయిల్స్‌తో పోయే జబ్బుకు గేర్‌బాక్స్ దింపించుకున్న వాళ్లున్నారు. అదే కారణంతో మంచి కారును వదులుకున్నవాళ్లూ ఉన్నారు.

మిగతావి త్వరగానే తేలతాయి. డీ గేరులో బ్రేకు మీద నిలబెట్టినప్పుడు వణికి, న్యూట్రల్‌లో తగ్గితే ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగులు చూడాలి. గట్టిగా రేసు ఇచ్చినప్పుడు ముందు భాగం పక్కలకు ఊగితే యాక్సిల్ లోపలి జాయింట్. రేసు పూర్తిగా వదిలేసినా వేగాన్ని బట్టే వణుకు ఉంటే టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్.

చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టాలి

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే అదే మొదటి సమాచారం. బండిని ముందే తిప్పి, తేమ వణుకో, చల్లటి స్టార్టింగ్ మోతో బయటపడకుండా చేసి ఉండొచ్చు. పొద్దున్నే, ముందు రోజు రాత్రి నుంచి కదలని బండిని స్టార్ట్ చేయనివ్వమని అడగాలి. కాలనీ చుట్టూ ఐదు నిమిషాలు తిప్పితే ఈ వణుకుల్లో సగం బయటపడవు. లాకప్ వణుకుకు బండి పూర్తిగా వేడెక్కాలి, 60-80 వేగంలో నిలకడగా కొన్ని కిలోమీటర్లు వెళ్లాలి. డ్రై క్లచ్‌కు ట్రాఫిక్ కావాలి: ఇరవై నిమిషాలు ఆగుతూ కదులుతూ పాకిన తర్వాత, ఒక చిన్న ఎత్తు మీద నిలబెట్టి రేసు చాలా నెమ్మదిగా ఇస్తూ కదిలించాలి. రివర్సులో కూడా ఇదే చేయాలి. క్లచ్ అరుగుదల చాలాసార్లు రివర్సులో ముందు బయటపడుతుంది.

బ్రేకు పూర్తిగా తొక్కి రేసు మొత్తం ఇచ్చి చూసే పాత షెడ్డు పరీక్షను డ్రై క్లచ్ కారు మీద, సీవీటీ మీద అస్సలు చేయకూడదు. పరీక్షే కొత్త రిపేరు తెచ్చిపెడుతుంది.

స్కానర్ చెప్పేది, చెరిపేసినా దాగనిది

కారు కంప్యూటర్ రాసుకున్న ఫాల్ట్ కోడ్‌లను చదివే, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపే చిన్న ఓబీడీ స్కానర్లు ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. పీ0300 నుంచి మొదలయ్యే కోడ్‌లు కనిపిస్తే మిస్‌ఫైర్. పీ0741 కనిపిస్తే లాకప్ క్లచ్ పట్టు. పీ0730 అంటే గేరు నిష్పత్తి తేడా, అంటే ఎక్కడో జారుతోంది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోని కోడ్‌లు చవక స్కానర్‌కు అందకపోవచ్చు. డీఎస్‌జీ లాంటి వాటికి ఆ కంపెనీకి సరిపోయే స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌లోనే క్లచ్ అరుగుదల, ఉష్ణోగ్రత రికార్డులు చూడాలి.

ఏ కోడూ లేకపోతే బండి శుభ్రమని కాదు. అమ్మే ముందు కోడ్‌లు చెరిపేయడం అర నిమిషం పని. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏళ్లుగా నేర్చుకున్న క్లచ్ లెక్కల్ని కూడా రీసెట్ చేయవచ్చు. అలా చేసిన బండి కొన్నాళ్లు నున్నగా నడిచి, తర్వాత మళ్లీ పాత వణుక్కే వస్తుంది. ఇక్కడ కొనేవారికి పనికొచ్చే అంకె ఒకటి ఇంజన్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కోడ్‌లు చెరిపిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు లెక్క ఉంచుతాయి, సాధారణ స్కానర్ యాప్‌లు కూడా దాన్ని చూపిస్తాయి. ఓడోమీటర్ మీద 62,000 ఉండి, ఈ లెక్క 14 కి.మీ. చూపిస్తే, నిన్నో ఇవాళో ఎవరో చెరిపారన్నమాట. బ్యాటరీ మార్చినా కొన్ని కార్లలో ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, బ్యాటరీ బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే, ఇంకో వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తామని చెప్పాలి.

ఆయిల్ విషయంలో

టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లలో ఆయిల్ నమూనా చాలా చెబుతుంది. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్ పూత కాలింది. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే రజను తగిలితే లోపల ఉక్కు అరుగుతోంది. అలాంటి బండిలో ఆయిల్ మార్పు మీద ఆశ పెట్టుకుని బేరం కుదుర్చుకోకూడదు. రంగు మారినా వాసన లేకుండా, రజను లేకుండా ఉంటే ఆయిల్ మార్పుతో బాగయ్యే అవకాశం ఉంది. ప్లగ్ విప్పి ఒకసారి దించితే సగం ఆయిలో అంతకన్నా తక్కువో వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే కొద్ది వందల కిలోమీటర్ల తేడాతో రెండు మూడు సార్లు మార్చాల్సి వస్తుంది. కంపెనీ చెప్పిన రకమే వాడాలి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారుతుంది. కొత్త కార్లలో డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి లెవెల్‌ను నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కింది ప్లగ్ నుంచి చూసుకోవాలి. అది తెలియని షెడ్డులో ఆయిల్ మార్పించడం కన్నా ఊరుకోవడం మేలు.

కాగితాలు చదవడం

ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డీసీటీ ఉన్న పాత ఎకోస్పోర్ట్ చవగ్గా దొరకడానికి వణుకు ఒక్కటే కారణం కాదు, అయినా వణికే బండిని ఆ చవకధనం దాచేస్తుంది. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి తొలి కారుగా పాత నిస్సాన్ ఆల్టిమానో ఫోర్డ్ ఫోకస్‌నో కొనే మన విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. 2013-2016 ఆల్టిమా సీవీటీకి నిస్సాన్ ఇచ్చిన 84 నెలల పొడిగింపు వారంటీ గడువు దాటిపోయింది. అక్కడి డీలర్లు కారు అద్దానికి అతికించే కొనుగోలుదారు గైడ్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే గడి నింపి ఉంటే, కొన్న మర్నాడు వణికినా బాధ్యత కొన్నవాడిదే. వాళ్లకున్న వెసులుబాటల్లా, ఏ మోడల్‌కు వణుకు గురించి కంపెనీ డీలర్లకు ఏం రాసిందో అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

మన దగ్గర అలాంటి తలుపు లేదు. ఉన్నది సర్వీస్ హిస్టరీయే. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు బండి నంబరుతో, యజమాని అనుమతితో వెళ్లి పాత జాబ్‌కార్డులు అడిగితే, కిలోమీటర్లు, తేదీల పక్కన కస్టమర్ చెప్పిన ఫిర్యాదు కూడా ఉంటుంది. 31,000 కి.మీ. దగ్గర ‘ట్రాఫిక్‌లో జెర్క్’, పక్కన ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం’. 34,000 దగ్గర మళ్లీ ‘జెర్క్’, మళ్లీ ‘అడాప్టేషన్ చేశాం’, అంటే కంప్యూటర్‌కు క్లచ్ లెక్కలు మళ్లీ నేర్పారు. 38,000 తర్వాత ఏమీ లేదు, బండి అమ్మకానికి వచ్చింది. ఇలాంటి నాలుగు లైన్లు కనిపిస్తే, టెస్ట్ డ్రైవ్‌లో బండి ఎంత నున్నగా నడిచినా క్లచ్ మార్పు ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడాలి.